మోచేతి మీద నీలం

యాభై రెండు నీలాలున్న అట్టముక్కల కట్ట
సంచిలో వేసుకుని దిగాను జోధ్‌పూర్‌లో.
మా రంగుల కంపెనీకి ఈ ఊరి గోడ కావాలట,
డబ్బాలో పట్టేంత,
మూత బిగించేంత.

గంటస్తంభం దాటాక ఆటో ఆగిపోయింది.
ఇక్కణ్ణించి సందులు నడిచేవాళ్లవే అన్నాడు,
మిర్చివడ కాగితానికి వేళ్లు తుడుచుకుంటూ.
పైన ఎర్రరాతి గుట్ట మీద కోట
ఎవర్నీ చూడనట్టు అందర్నీ చూస్తోంది.

బ్రహ్మపురిలో మొదటి మలుపు తిరగ్గానే
గోడకి అట్ట ఆనించాను. ఇరవై ఏడు.
మబ్బు కదిలింది. ముప్పై ఒకటి.
గోడని రాసుకుంటూ ఒక ఆవు పోయింది,
దాని డొక్క మీద పంతొమ్మిది.

నీలమే ఎందుకని అడిగాను.
చెదలు పట్టకుండా, మైలుతుత్తం కలుపుతాం అన్నాడు కిరాణాకొట్టు మనిషి.
ఎండ లోపలికి రాకుండా అంది బడినుంచి వస్తున్న పిల్ల,
పాఠం అప్పజెప్పినట్టు.
బ్రాహ్మల ఇళ్లని గుర్తు అన్నాడో పెద్దాయన,
గొంతు సవరించుకుని.
గడపలో కూర్చుని చేటలో సాంగ్రీ కాయలు ఏరుతున్న సూవాదేవి
తలెత్తకుండానే అంది:
"పక్కింటికి ఉంది కదమ్మా."

తర్వాత తలెత్తి,
"ఫొటోకైతే ఇరవై రూపాయలు.
కూర్చోడానికైతే ఏమీ లేదు."

కూర్చున్నాను.
లోపలి గోడలో ఒక గూడు.
ఆమె కాపురానికి వచ్చినప్పుడు
అందులో ఇత్తడి చెంబు, పక్కనే దీపం పట్టేవట.
ఇప్పుడొక అగ్గిపెట్టె, అదీ నిలువుగా.
ఏడాదికో పూత, గూడు తనలోకి తానే ముడుచుకుంటూ వచ్చింది.

దీపావళికి ముందు ఘేవర్‌రామ్ వస్తాడు.
సున్నంలో నీలిమందు, గుప్పెడు ఉప్పు, కాస్త జిగురు.
మోచేతి మీద ఒక చుక్క వేసుకుని
ఆరేదాకా చూస్తాడు.
అంతే. అతని దగ్గర నెంబర్లు లేవు.

తలుపు పక్కన ఊడిన పెచ్చొకటి తీసి
నా అరచేతిలో పెట్టింది.
"పైన కాదు, అంచు చూడు."
చూశాను. చాలామంది తిప్పిన పుస్తకం అంచులా పొరలు, పొరలు.
గోటి కొసతో దిగుతూ పోయింది:
ఇది కోడలొచ్చిన ఏడు.
ఇది నీలిమందు ప్రియమైపోయి, అందరి గోడలూ వెలవెలబోయిన ఏడు.
ఇది చూడు, పచ్చగా లేదూ?
ఘేవర్‌రామ్ వాళ్ల నాన్నకి చూపు తగ్గిన ఏడు.
ఏడాదంతా మా వీధి పచ్చగానే ఉంది.
ఆయనతో ఒక్కరూ అనలేదు.

రెండు నీలాల మధ్య
వెంట్రుకంత నల్ల గీత ఉంది.
ఇదేం రంగు అన్నాను.
"రంగు కాదు, దుమ్ము.
ఆ ఏడు వేయించలేదు."
చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.
కాయల్లోంచి ఒక పుల్ల ఏరి పారేసింది.
ఎందుకని అడగడానికి నోరు తెరిచి,
ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాను.

వచ్చేస్తుంటే అగ్గిపుల్లలు గూట్లో బోర్లించి
ఖాళీ పెట్టెలో పెచ్చు పెట్టి ఇచ్చింది.
ఇరవై తీసుకోలేదు.

రాత్రి రైల్లో రిపోర్టు నింపాను.
యంత్రం కింద ఈ పెచ్చు పెడితే
పైపొర ఒక్కటే చదువుతుంది, నాకు తెలుసు.
నెంబరు గడిలో ముప్పై ఒకటి అని రాశాను.
మబ్బు పట్టినప్పుడు,
అని రాయడానికి గడి లేదు.

ఎదురు సీటు పిల్లాడు నా మోచెయ్యి చూపించి
వాళ్లమ్మ చెవిలో ఏదో అన్నాడు.
ఎప్పుడు ఆనుకున్నానో ఏ గోడకి.
రుమాలు తడిపి తుడిస్తే
పోకపోగా ఇంకాస్త ముదిరింది.

కిటికీ గాలికి చెయ్యి పెట్టి
ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.